గర్భిణిని మద్యం గురించి ఎలా అడగాలి?

పుదుచ్చేరిలోని ఏదో ఒక ప్రసూతి ఓపీ. పక్కన అత్తగారు కూర్చుని ఉండగా, "మద్యం తాగుతారా?" అని గర్భిణిని అడిగితే ఏ జవాబు వస్తుంది? "లేదు" అనే. చౌక మద్యానికి పేరుపడిన ఊళ్లో ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే బిడ్డకు ముప్పు కావచ్చు.

మద్యంలోని ఇథనాల్ అణువు చాలా చిన్నది. మాయను సులువుగా దాటి పిండం రక్తంలో చేరుతుంది. దాన్ని విడగొట్టే శక్తి పిండం కాలేయానికి ఇంకా రాదు. అందుకే మెదడు ఎదుగుదల, జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతినవచ్చు. పుదుచ్చేరిని ఒకప్పుడు పాలించిన ఫ్రాన్స్‌లోనే, నాంత్ నగర వైద్యుడు పాల్ లెమువాన్ 1968లో 127 మంది పిల్లల్లో ఈ లక్షణాలను నమోదు చేశారు. 1973లో అమెరికా వైద్యులు దీనికి 'ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. బీరైనా, వైనైనా, కల్లైనా గర్భిణికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తేలలేదు.

ప్రతి గర్భిణినీ, ప్రతిసారీ అడగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకాల సూచన. అందరినీ అడిగితే ఎవరినీ అనుమానించినట్టు ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు, తిండి, మందుల వివరాల తర్వాత, "గర్భం అని తెలియకముందు ఎప్పుడైనా బీరు, కల్లు తీసుకున్నారా అమ్మా?" అని అడగడం మేలు. పట్టణంలో తమిళంలో, యానాంలో తెలుగులో.

"అవును" అంటే మందలించకూడదు. "ఇప్పుడు మానినా బిడ్డకు మేలే" అని చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు కాబట్టి వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. ఒకసారి తిట్లు తిన్న తల్లి మరోసారి నిజం చెప్పకపోవచ్చు.