స్థూలాక్షరములు - అర్థస్పష్టత

అచ్చక్షరములు రెండు తెఱగుల నుపయోగపడుచున్నవి. మొదటివి గ్రంథపాఠమునకు వాడునవి. చదువరి దృష్టి వీనిపై నిలువక భావముపైకి పోవలయును. రెండవవి శీర్షికలకును, ప్రకటనలకును వాడునవి. ఇవి ముందుగా తమ రూపముచేతనే చదువరిని పిలువవలయును. ఈ రెండవ తెగలో బొద్దుగా, గుండ్రముగా, హాస్యచిత్రములను తలపించు స్థూలాక్షరము లొక శాఖ. వాని గుణమును, దానికిగల హద్దును నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ శాఖలో మిక్కిలి ప్రసిద్ధమైనది కూపర్ బ్లాక్ అను రోమను టైపు. ఆస్వాల్డ్ కూపర్ దీనిని రూపొందింపగా షికాగో నగరమందలి బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అను టైపు ఫౌండ్రీ 1922లో వెలువరించెను. ఇందు అక్షరముల కొనలు వాడిగా నుండక ఉబ్బి గుండ్రముగా ముగియును. పాదములు సైతము వంపు తిరిగియుండుటచే అక్షరములు బిగిసి నిలువక మెల్లగా ఊగుచున్నట్లు తోచును. గీతలు లావగుటచే లోపలి తెలుపు స్వల్పముగా మిగులును. ఈ మూడును కలిసి మెత్తని బొమ్మను చూచిన భావమును కలిగించును. ఈ అక్షరముల హాస్యగుణమునకు మూలమిదియే. 1966లో బీచ్ బాయ్స్ బృందము వెలువరించిన పెట్ సౌండ్స్ అను గ్రామఫోను రికార్డు అట్టమీదను, 1968లో బ్రిటనునందు మొదలైన డాడ్స్ ఆర్మీ అను టెలివిజను హాస్యధారావాహిక శీర్షికలందును ఈ టైపే కనబడును.

అయినను ఈ గుణమే దోషమునకును హేతువగుచున్నది. అక్షరమును పోల్చుకొనుటకు నల్లని గీత యెంత ముఖ్యమో, దాని నడుమనున్న తెలుపును అంత ముఖ్యము. పరిమాణము తగ్గినకొలది ఆ తెలుపు సన్నగిల్లును; సీసపు టైపుతో అచ్చొత్తునపుడు సిరా వ్యాపించి దానిని మరింత పూడ్చును. కావున స్థూలాక్షరము శీర్షికకు అలంకారము, పుటనిండ పఱచినచో భారము.

తెలుగు లిపిలో ఈ చిక్కు మరింత సూక్ష్మమైనది. మన వర్ణములలో పెక్కింటికి భేదము చిన్న గుర్తులయందే యున్నది. దకార ధకారములను వేఱుచేయునది క్రింది నిలువుగీత; ధకార థకారములను వేఱుచేయునది నడిమి చుక్క. ర, ఠలకును అట్టి చుక్కయే భేదకము. పైగా ఇవి ఒత్తులైనపుడు పరిమాణమున ఇంకను చిన్నవగును. 'అర్థము', 'అర్ధము' అను పదములను గమనింపుడు. మొదటిది భావమును, ధనమును తెలుపును. రెండవది సగమును తెలుపును. ఈ రెంటికి నడుమగల అంతరమంతయు క్రింది ఒత్తులోని ఒక్క చుక్క. అది సిరాలో మునిగినచో అర్థము నిజముగనే అర్ధమగును.

కనుక తెలుగున స్థూలాక్షరములను గీయువారు లావును వెలుపలి వంపులకు పరిమితము చేసి, లోపలి గుర్తుల చుట్టును తెలుపును కాపాడవలయును. అందులకై అక్షరమును వెడల్పు చేయుట యొక ఉపాయము. ముఖపత్రములకును, పిల్లల కథల శీర్షికలకును, నాటకప్రదర్శనల గోడపత్రికలకును ఇట్టి అక్షరములు చక్కగా నొప్పును. వర్ణభేదమును తొలిసారి నేర్చుకొను బాలుర అక్షరమాలా పటములకు మాత్రము ఇవి తగవు. వాడదలచినవారు ముందుగా పై రెండు పదములను తాము కోరిన పరిమాణమున పక్కపక్కన అచ్చువేసి, చేతిదూరమున ఉంచి చూడవలయును. చుక్క స్పష్టముగా కనబడినచో ఆ టైపు గ్రాహ్యము; కానిచో త్యాజ్యము.