వ్యవహారధర్మబోధిని: ఒక ప్రహసనముయొక్క రంగచరిత్రము

వ్యవహారశబ్దమునకుఁ గాత్యాయనస్మృతి చెప్పిన నిర్వచనము ప్రసిద్ధము. "వి" యనఁగా నానావిధము, "అవ" యనఁగా సందేహము, "హారము" అనఁగా హరించుట. నానాసందేహములను హరించునది గాన న్యాయసభయందలి వివాదనిర్ణయము వ్యవహారము. వైయాకరణులకో, లోకమునందలి శబ్దప్రయోగమే వ్యవహారము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వ్యవహారధర్మబోధినియందు ఈ రెండర్థములును గలిసికొన్నవని నా యభిప్రాయము. వస్తువు న్యాయవాదుల దురాచారము. భాష లోకుల వాడుక. సందేహములు మాత్రము హరింపఁబడుటకు మాఱుగా వృద్ధిపొందును.

1880వ సంవత్సరమున ధార్వాడనాటకసమాజమువారు రాజమహేంద్రవరమునఁ బాకలు వేసికొని హిందీనాటకములాడి వెడలిపోయిరి. పంతులుగారు తమ విద్యార్థులను జేర్చి ఆ పాకలలోనే యీ ప్రహసనమును, షేక్స్పియరు నాటకానుసరణమగు చమత్కారరత్నావళిని ఆడించిరి. ఆ రెండవదాని యాంగ్లమూలము 1594 డిసెంబరు 28వ తేదీ రాత్రి లండనులో గ్రేసు ఇన్ అను న్యాయవాదుల విద్యాస్థానమునఁ బ్రదర్శింపఁబడినది. న్యాయవాదుల యెదుట ఆడిన నాటకమును, న్యాయవాదులపై నాడిన ప్రహసనమును గోదావరీతీరమున నొక్కచోఁ జేరుట కాకతాళీయమే; అయినను రుచికరము.

చిన్నయసూరి మార్గమున విగ్రహమును వ్రాసిన చేయి గ్రామ్యమునకు దిగెనేమని కొందఱు పండితుల యాక్షేపము. ఇది నిలువదు. ప్రహసనము దశరూపకములలో నొకటి. లోకవార్తను, దంభమును, ధూర్తుల వివాదమును దానియందుఁ జేర్పవచ్చునని భరతుఁడే యనుమతించెను. ఈ మూఁడును న్యాయస్థానముకంటె నెక్కుడుగా నెచ్చట దొరకును? పాత్రభేదముచే భాషాభేదమును విధించినదియు నాట్యశాస్త్రమే. ఏడవ శతాబ్దమునాఁటి మహేంద్రవర్మ మత్తవిలాసమున సంస్కృతముతోఁ బ్రాకృతమును నడపెను. దానిని గ్రామ్యమని తిరస్కరించినవారు లేరు. ప్రాకృతమునకుఁ జెల్లిన న్యాయము తెలుఁగువాడుకకేల చెల్లదు?

పిమ్మట బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు పద్యములను, పాటలను రంగమెక్కింపఁగా ప్రేక్షకుల చెవులు రాగములకు మరగెను. వచనప్రహసనము వెనుకఁబడినది.

మా చిన్నకోడూరున దీనిని బాలురచే నాడింపఁదలఁచితిని. కోస్తామండలములలో ఇంగ్లీషువారి కోర్టులు, మా పెద్దలకు నిజాముకాలపు ఉర్దూ కచేరీలు. అయినను వకీలు, ఫిర్యాదు, దస్తావేజు అనునవి రెండుచోట్లను జెల్లిన మాటలే కావున కథ గ్రామస్థులకు దూరము గాదనుకొంటిని. కాని సూత్రాభిమానముచే నేనొక యపరాధమును జేసితిని. వాడుకక్రియలనెల్ల సాధురూపములుగ దిద్ది, సంధులు గూర్చి, బాలురచే వల్లింపించితిని. సాధనసమయమున నొక్కఁడును నవ్వలేదు. భూమితగవులో ననేకవర్షములు తిరిగిన వృద్ధకర్షకుఁడొకఁడు అరుగుపైఁ గూర్చుండి చూచి, "పంతులూ, వకీలు గిట్ల మాట్లాడితే ఎవడన్న పైసలిస్తడా?" అనెను. భాష్యమంతయుఁ జదివిన నాకు ఆ ప్రశ్నకు సమాధానము దోఁపలేదు. ఆ రాత్రియే దీపము ముందిడుకొని నా దిద్దుబాట్లన్నిటిని గొట్టివేసితిని. రెండు వర్ణక్రమదోషములను మాత్రము విడువనైతిని.