మంచం కింద రైలు స్టేషను

పిల్లలూ! సికింద్రాబాదులోని మోండా మార్కెట్ చూశారా? తెల్లవారేసరికల్లా ఆకుకూరల కట్టలు, టమాటాల గంపలు, తోపుడుబళ్లు, బేరాలు! అక్కణ్ణించి నడిచిపోయేంత దూరంలోనే రైలు స్టేషను ఉంది. ఆ సందుల్లో పెరిగే పిల్లలకు రైలు కూత కొత్త కాదు.

అటువంటి సందులోని రెండు గదుల ఇంట్లో, నేనూ మా అక్క పిల్లలిద్దరూ కలిసి ఒక రైలు స్టేషను కట్టాం. అది వారమంతా మంచం కింద నిద్రపోతుంది. ఆదివారం బయటికి వస్తుంది. దాన్ని ఎలా కట్టామో, ఎలా చెడగొట్టామో, చెడినదాన్ని ఎలా బాగుచేశామో చెబుతాను. చదివాక మీరూ కట్టవచ్చు.

బొమ్మరైళ్లు చాలా పాతవే. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో, మెర్క్లిన్ అనే బొమ్మల కంపెనీ కీ ఇస్తే నడిచే రైలునూ, ఒకదానికొకటి తగిలించుకునే పట్టాలనూ అమ్మకానికి పెట్టింది. ఈ ఏడు నాలుగు పట్టాలు, వచ్చే ఏడు మరో నాలుగు కొని కలుపుకుంటూ పోతే రైలుదారి పెరుగుతుంది! ఈ ఆలోచన లోకమంతా పాకింది. మన దేశంలో పుణె నగరంలో జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం ఉంది. జర్మనీలోని హాంబర్గులో ఇద్దరు కవల సోదరులు 2001లో తెరిచిన బొమ్మరైళ్ల ప్రదర్శన భవనాల అంతస్తుల నిండా పరుచుకుని ఉంది. మనకు అంత చోటు ఎక్కడిది? 120 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు గల ప్లైవుడ్ పలక ఒకటి చాలు.

అన్నిటికంటే ముందు ఒక లెక్క నేర్చుకోవాలి. బొమ్మరైళ్లలో చాలా దేశాలవారు వాడే కొలత 87కు 1. అనగా అసలు రైలులో 87 అంగుళాలున్నది బొమ్మలో ఒక్క అంగుళం ఉంటుంది. అయిదున్నర అడుగుల మనిషి ఈ లోకంలో రెండు సెంటీమీటర్ల ఎత్తు కూడా ఉండడు. ఇరవై ఒకటిన్నర మీటర్ల రైలుపెట్టె పాతిక సెంటీమీటర్లకు దిగుతుంది. మన పెద్దలైను పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. కాని అంగట్లో దొరికే బొమ్మపట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లే ఉంటుంది. ఎందుకంటే అవి మనకంటే ఇరుకైన పట్టాలున్న దేశాల కోసం తయారైనవి. ఆ చిన్న తేడాను మనం చూసీ చూడనట్టు ఊరుకోవాలి.

ఈ లెక్క మరిచిపోయినందుకే మాకు మొదటి దెబ్బ తగిలింది. పట్టాల కింద కంకర వెయ్యాలి గదా! పిల్లలు వంటింట్లోకి వెళ్లి రాగుల డబ్బా తెచ్చారు. జిగురు రాసి, రాగులు చల్లితే చూడముచ్చటగా ఉన్నది. మూడోనాటికి మంచం కింద చీమలు బారులు తీరాయి! "అవి తినేవిరా, చల్లుకునేవి కావు," అని మా అమ్మ కేకలేసింది. పట్టాలన్నీ ఊడదీసి కడుక్కున్నాం.

తరవాత కాగితం మీద లెక్క వేశాం. నిజమైన కంకరరాయి సుమారు 5 సెంటీమీటర్లుంటుంది. 87తో భాగిస్తే అర మిల్లీమీటరు పైన కొద్దిగా. రాగిగింజ అంతకు రెండింతలు పెద్దది! అంటే చీమలు పట్టకపోయినా మా కంకర తప్పే. దానికి సరిపోయేది సన్నని జల్లెడలో జల్లించిన ఇసుక. అయితే ఇసుక వెయ్యబోయే ముందు అందులో ఒక అయస్కాంతం తిప్పండి. దానికి నల్లని రజను అంటుకుంటుంది. అది ఇనుపరజను. తియ్యకపోతే ఇంజనులోని మోటారు అయస్కాంతం దాన్ని లోపలికి లాక్కుని పాడైపోతుంది.

రెండో దెబ్బ వంతెన దగ్గర. ఒక దారి మీదుగా మరో దారి పోవాలని మా మేనల్లుడు పట్టుబట్టాడు. కింద రైలు దూరాలంటే పైదారి ఏడున్నర సెంటీమీటర్లు లేవాలి. మేము 60 సెంటీమీటర్ల దూరంలోనే అంత ఎత్తుకు ఎక్కించాం. ఇంజను సగందాకా వచ్చి, చక్రాలు గిర్రున తిరిగి, వెనక్కి జారి, పెట్టెలతో సహా నేలమీద పడింది. ఒక పెట్టె కొక్కెం విరిగింది. మేనల్లుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది వాడు ఏడాదిపాటు దాచుకున్న డబ్బుతో కొన్న పెట్టె.

ఇంజనులో బలం లేకనా? కాదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం చాలా నునుపుగా దొర్లుతుంది. అందుకే ఒక్క ఇంజను వేల టన్నుల బరువు లాగగలుగుతుంది. అందుకే ఏటవాలులో జారిపోతుంది కూడా. ముంబాయి, పుణెల మధ్య బోర్ ఘాట్ అనే కొండదారి ఉన్నది. అక్కడ 37 అడుగులు పోతే ఒక్క అడుగు ఎత్తు లేస్తుంది. ఆ మాత్రానికే రైలుకు వెనకనుంచి తోసే ఇంజన్లు కావాలి. మేము 8 అడుగులకే ఒక అడుగు ఎక్కించబోయాం! నూటికి మూడు వంతుల వాలుతో ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కాలంటే రెండున్నర మీటర్ల దారి కావాలి. మా పలకే 120 సెంటీమీటర్లు. కనుక వంతెన తీసేశాం. దానికి బదులు పట్టాల మీదుగా మనుషులు నడిచే వంతెన ఒకటి అట్టతో కట్టాం. మనుషులు మెట్లెక్కగలరు గదా!

ఇక మూడో చిక్కు. రైలు ఇవతలి వైపు చురుగ్గా పోయి, అవతలి వైపు నీరసించి ఆగిపోయేది. బొమ్మరైలుకు విద్యుత్తు పట్టాల నుంచే అందుతుంది. ఒక పట్టా విద్యుత్తు వచ్చే దారి, రెండోది తిరిగి పోయే దారి. పట్టా పట్టా కలిసే ప్రతి అతుకు దగ్గరా కొంత శక్తి పోతుంది. పది అతుకులు దాటేసరికి మిగిలేది తక్కువ. దీనికి మందు సులభం. పలక కిందనుంచి మరో జత తీగలు తీసుకుపోయి అవతలి వైపు పట్టాలకు కలపాలి. తీగలు తారుమారు కాకుండా చూసుకోండి. ఎర్రతీగ వెలుపలి పట్టాకైతే అన్ని చోట్లా వెలుపలి పట్టాకే. పట్టాల మీద దుమ్ము పట్టినా బండి ఆగుతుంది. శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త! బొమ్మరైలుకు కావలసింది 12 వోల్టులు. గోడలోని ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. కంపెనీ చేసిన అడాప్టరు లేకుండా, పెద్దలు పక్కన లేకుండా తీగలు ముట్టుకోవద్దు.

రైలు నడవసాగిన తరవాత పిల్లలు దాన్ని బాణంలా పరుగెత్తించారు. మళ్లీ లెక్క వేద్దామన్నాను. గంటకు 100 కిలోమీటర్లు పోయే ఎక్స్‌ప్రెస్ మన పలక మీద సెకనుకు 32 సెంటీమీటర్లు పోవాలి. స్టేషనులోకి వచ్చేటప్పుడు 10 సెంటీమీటర్లు చాలు. నెమ్మదిగా వచ్చి ఆగిన రైలు ఎంత నిజంగా కనిపిస్తుందో మీరే చూడండి.

ఇంజను, పట్టాలు ఖరీదైనవే. కొనలేకపోయినా బెంగపడకండి. అగ్గిపెట్టెల రైలును చేత్తో తోసినా ఊరు ఊరే. మా ఊరి వస్తువులన్నీ మోండా మార్కెట్టులోనే దొరికాయి. ఎండిన బీరకాయ పీచుకు ఆకుపచ్చ రంగు వేస్తే పొదలు. ఆవగింజకు పసుపురంగు వేస్తే గుమ్మడికాయ. గసగసాలకు ఎర్రరంగు వేస్తే టమాటాలు. ఈసారి చీమల సంగతి మరిచిపోలేదు. అన్నిటికీ వార్నిష్ పూశాం!

చివరగా స్టేషను భవనం. 1874లో వాడి నుంచి రైలుదారి వచ్చినప్పుడు సికింద్రాబాదు స్టేషను వెలిసింది. ఎన్నో తరాలవారు ఎరిగిన దాని పాత ముఖభాగం ఇప్పుడు లేదు. కొత్త స్టేషను కట్టడం కోసం 2025లో కూల్చారు. పాత ఫొటోలు ముందు పెట్టుకుని అట్టతో దాన్ని కత్తిరించి నిలబెట్టాం.

మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగానే ఉందిరా. కాని ముందర రిక్షాలేవీ? మీ నాన్న రాత్రి బండి దిగి ఎట్లా వస్తారు?" అన్నది. మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. మేమెవరం మాట్లాడలేదు. మేనకోడలు మాత్రం అట్టముక్క తీసుకుని, "రిక్షా ఎంత పొడవుండేది అమ్మమ్మా?" అని అడిగింది. అమ్మ చేతులు చాచి చూపించింది. కొలిచి 87తో భాగిస్తే మూడు సెంటీమీటర్లకు లోపే వచ్చింది.

ఇప్పుడు మా స్టేషను ముందు నాలుగు రిక్షాలు నిలబడి ఉన్నాయి. వచ్చే ఆదివారం దీపాలు పెట్టాలి. రైలుదారి ఎప్పటికీ పూర్తికాదు. మీ ఊరి స్టేషను ఒకప్పుడు ఎలా ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెబుతూ ఉంటే కొలతలు రాసుకోండి. తరవాత 87తో భాగించండి!