తూకానికి పోతున్న పాత పాట

సురంగల్‌లో వాల్వు రేడియోకు మళ్లీ ఊపిరి - చెవికి ఇంపు, చేతికి మాత్రం జాగ్రత్త

(మా గ్రామీణ విలేకరి)

సురంగల్ (మొయినాబాద్): 2023 ఎండాకాలంలో ఒక పొద్దున పాత సామాన్ల బండి ఈ విలేకరి ఇంటి ముందు ఆగింది. అటక దులిపి దించిన సామాను వాకిట్లో కుప్పగా పడి ఉంది. చిల్లుపడిన బిందెలు, కాలు విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన పంపు ముక్కలు. వాటి పక్కనే దుమ్ము పట్టిన ఒక చెక్క పెట్టె. ముందువైపు గుడ్డ చిరిగింది. అద్దం మీద రేడియో స్టేషన్ల పేర్లు మాత్రం ఇంకా కనిపిస్తున్నాయి. బండి ఆయన దాన్ని వెనక్కి తిప్పి చూశాడు. "కట్టెకు పైస రాదు. లోపలి రాగికి, ఇనుముకు తూకమేసి ఇస్త" అన్నాడు.

బేరం కుదిరేదే. గడపలో కూర్చున్న నాయనమ్మ అడ్డం పడింది. "అది మీ తాత పెట్టె. తూకానికి పోయేది లేదు బిడ్డా" అని తేల్చి చెప్పింది. బిందెలు పోయాయి. రేడియో మిగిలింది.

మిగిలిన రేడియోను ఏం చేయాలి? దీనికి జవాబు దొరకడానికి ఈ విలేకరికి ఏడాదికి పైనే పట్టింది. ఈలోగా తెలుసుకున్న సంగతులు, తగిలిన దెబ్బలు చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత పాఠకులకు పనికివస్తాయని ఈ నాలుగు మాటలు. ఇటువంటి పెట్టె ఏ ఊళ్లోనైనా ఏదో ఒక అటక మీద ఉండే అవకాశం ఉంది మరి.

పంట కబురు, సిలోన్ పాట

హైదరాబాదులో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పటికి దాని శక్తి 200 వాట్లు మాత్రమే. మన ఇళ్లలో తిరిగే పాతరకం సీలింగు ఫ్యాన్లు మూడు వాడుకునే కరెంటు కంటే ఎక్కువేమీ కాదు. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయింది.

ఆ రోజుల్లో రేడియో అంటే వాల్వు రేడియోనే. ఊరికి ఒకటో రెండో ఉండేవి. కొన్నవారు పోస్టాఫీసులో రుసుము కట్టి లైసెన్సు తీసుకోవాలి. 1980లలో ఆ పద్ధతి పోయింది. తాత లైసెన్సు పుస్తకం మాత్రం నాయనమ్మ ట్రంకు పెట్టెలో నేటికీ భద్రంగా ఉంది.

ఊరికి కరెంటు వచ్చాక తాత ఈ పెట్టె కొన్నాడు. పొద్దుగూకితే వాకిట్లో పది మంది చేరేవారట. వ్యవసాయదారుల కార్యక్రమం, వార్తలు అయ్యాక షార్ట్‌వేవ్‌కు తిప్పితే సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై వినిపించే తెలుగు పాటలు. స్విచ్ వేసిన వెంటనే అది పలికేది కాదు. "పొయ్యి రాజుకున్నట్టు ఎర్రగయ్యి, మెల్లగ పలికేది" అంటుంది నాయనమ్మ.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. కొన్నేళ్లకు అది మన పల్లెలకూ చేరింది. వేడి లేదు, బరువు లేదు, సెల్లులు వేస్తే పొలం గట్టు మీద కూడా పాడుతుంది. దాంతో చెక్క పెట్టె నిజంగానే అటకెక్కింది.

గాజు బుడ్డిలో ఏముంది?

వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ దీనిని రూపొందించారు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దాని నడుమ మూడో భాగం చేర్చారు. అసలు మహిమ ఆ మూడో భాగానిదే.

బుడ్డి లోపల సన్నని తీగ ఎర్రగా కాలుతుంది. ఆ వేడికి దాని చుట్టూ ఉన్న గొట్టం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. చుట్టూ ఉన్న రేకుకు ఎక్కువ వోల్టేజీ ఇస్తే అవి అటు పరుగెత్తుతాయి. ఈ రెండింటి నడుమ గ్రిడ్ అనే జల్లెడ ఉంటుంది. చెరువు తూమును తలుచుకుంటే సంగతి అర్థమవుతుంది. తూము తలుపు తిప్పడానికి ఒక మనిషి చేయి చాలు. దాని కింద పారేది ఎకరాలకు ఎకరాలు తడిపే నీరు. అలాగే గ్రిడ్ మీద పడిన బలహీనమైన సంకేతం పెద్ద ప్రవాహాన్ని ఆడిస్తుంది. చిన్న గొంతు పెద్దదవుతుంది.

తాత రేడియోలో ఇలాంటివి 5 ఉన్నాయి. ఇసిహెచ్ 81 స్టేషనును పట్టి వేరు చేస్తుంది. ఇఎఫ్ 89 దానికి బలం ఇస్తుంది. ఇబిసి 81 అందులోనుంచి మాటను, పాటను విడదీస్తుంది. ఇఎల్ 84 స్పీకరును మోగిస్తుంది. ఇజెడ్ 80 ఇంటి కరెంటును రేడియోకు పనికివచ్చే డిసి కరెంటుగా మారుస్తుంది. ఒక వాల్వు మీద భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర ఉంది. 1954లో బెంగళూరులో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ చేపట్టింది.

'అరవై ఏండ్ల కిందటి అన్నం తింటవా?'

మన ప్రాంతంలో వాల్వు రేడియో విప్పగల మెకానిక్కులు వేళ్ల మీద లెక్కించేటంత మందే మిగిలారు. చేవెళ్ల వైపు ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి, పెట్టెను ఆటోలో వేసుకుని వెళ్లడం జరిగింది. ప్లగ్గు పెట్టి చూద్దామంటే ఆయన ఆపాడు. "అరవై ఏండ్ల కింద వండిన అన్నం తింటవా? దీనిల కండెన్సర్లు గూడ గంతే" అన్నాడు.

పాతబడిన కండెన్సర్లు లోపల ఎండిపోయి కరెంటును కారుస్తాయి. వాటితో స్విచ్ వేస్తే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతాయి. అందుకని కోఠి గుజరాతీ గల్లీ నుంచి కొత్త కండెన్సర్లు తెచ్చి మార్చారు. తరువాత రేడియోకు వరుసలో 60 వాట్ల పాతరకం బల్బు కలిపి కరెంటు ఇచ్చారు. మెకానిక్కులు దీనిని సిరీస్ బల్బు అంటారు. బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టు. ఒకసారి వెలిగి మందగిస్తే గండం గడిచినట్టు. ఆ రోజు బల్బు మందగించింది. అర నిమిషానికి పెట్టె గురగురలాడి పలికింది.

ఇంటికి తెచ్చాక మళ్లీ గోల. స్టేషను కంటే చప్పుడే ఎక్కువ. తప్పు రేడియోది కాదు. ఇంట్లోని ఎల్‌ఇడి బల్బులు, సెల్‌ఫోను చార్జర్లు మీడియం వేవ్ మీద రొద పుట్టిస్తాయి. అవి ఆపితే మాట తేటపడింది.

నాయనమ్మ చెవికి హెడ్‌ఫోను

నాయనమ్మకు ఇప్పుడు సరిగా వినబడదు. ఆమెకు వినబడేంత శబ్దం పెడితే పిల్లల చదువు సాగదు. హెడ్‌ఫోను తగిలిస్తే సరిపోతుందనిపించింది. ఆలోచన కొత్తదేమీ కాదు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింటి బల్ల మీద తయారుచేసిన హెడ్‌ఫోనులను అక్కడి నౌకాదళం కొన్నది. తొలినాటి రేడియోలు చాలామంది విన్నది ఇలా చెవులకు తగిలించుకునే.

పాత రేడియోకు నేరుగా హెడ్‌ఫోను కలపవద్దని మెకానిక్ గట్టిగా హెచ్చరించాడు. కొన్ని పాత రేడియోలలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. వాటిని ఎసి-డిసి సెట్లు అంటారు. వాటిలో లోపలి ఇనుప చాసిస్‌కే ఇంటి కరెంటు తగులుతూ ఉంటుంది. దానికి తీగ కలిపి తలకు పెట్టుకోవడం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అందుకని వేరే దారి పట్టవలసి వచ్చింది. ఇసిసి 82 అనే చిన్న వాల్వుతో 12 వోల్టులకే నడిచే హెడ్‌ఫోను యాంప్లిఫయరు నమూనా ఒకటి ఉంది. ముందు భాగంలో వాల్వు, చివర హెడ్‌ఫోనును మోగించడానికి మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు జాతి భాగం. సెల్‌ఫోను నుంచి పాట దీనికి వస్తుంది, దీని నుంచి చెవికి. మెకానిక్ సాయంతో రెండు ఆదివారాలలో ఒక అల్యూమినియం రేకు మీద అది తయారైంది.

మూడు వాల్వులు, ఒకే పాట

యాంప్లిఫయరు పలికాక అసలు పిచ్చి మొదలైంది. వాల్వు మార్చితే పాట మారుతుందా? లోకంలో ఎందరో ఇదే సరదాగా వాల్వు తీసి వాల్వు పెడుతూ వింటారు. ఈనాటికీ స్లోవేకియా, రష్యా, చైనా దేశాలలో ఇవి తయారవుతున్నాయి.

ఈ విలేకరి మూడు సంపాదించాడు. ఒకటి స్లోవేకియాది, ఒకటి రష్యాది. మూడవది నగరంలో ఒక దుకాణంలో దొరికిన పాతది. 'అసలు వాడనిది' అని చెప్పి ఎక్కువ ధర తీసుకున్నారు. ఇంటికి తెచ్చి చూస్తే కాళ్ల మీద గీతలు. అంటే ఎవరో వాడి తీసినదే. వేలితో తడితే చెవిలో గంట కొట్టినట్టు మోగింది. కొనేముందు కాళ్లు చూసుకోవాలన్న పాఠం అలా డబ్బు పోసి నేర్చుకున్నదే.

మిగిలిన రెంటిలో రష్యాది తేటగా, స్లోవేకియాది నిండుగా ఉన్నదని మొదట్లో నమ్మకం కుదిరింది. ఇంటికి వచ్చినవారికి అదే చెప్పడం కూడా జరిగింది. తమ్ముడు నమ్మలేదు. "కండ్లు మూసుకో అన్నా, ఏది పెట్టిన్నో చెప్పు" అన్నాడు. యాంప్లిఫయరు మీద తువ్వాలు కప్పి, పది మార్లు తన ఇష్టం వచ్చినట్టు వాల్వు పెట్టాడు. పదింటిలో సరిగా చెప్పగలిగినవి ఆరు. నాణెం ఎగరేసినా ఐదు వస్తాయి. గర్వం దిగిపోయింది.

అయితే వాల్వు శబ్దంలో తేడా ఉత్త భ్రమేనా? కాదు. ఇలాంటి యాంప్లిఫయరు అసలు స్వరానికి తనదైన చిన్న చేర్పు చేస్తుంది. ముఖ్యంగా కింది షడ్జమానికి పై షడ్జమం లీలగా తోడయినట్టు, స్వరానికి రెట్టింపు స్వరం కలుస్తుంది. అది చెవికి నిండుగా తోస్తుంది. నిజానికి అది ఉన్నదాన్ని ఉన్నట్టు వినిపించడం కాదు, కొంచెం తీపి కలపడం. మంచి ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు ఇంతకంటే నిక్కచ్చిగా పలుకుతుంది. ఎవరికి ఏది ఇంపు అన్నది వారి వారి చెవిని బట్టి ఉంటుంది.

వాల్వులు మార్చడంలో దక్కిన లాభం వేరే ఉంది. తేడా పట్టుకోవాలన్న పట్టుదలతో ఒకే పాటను పది మార్లు శ్రద్ధగా వినవలసి వచ్చింది. తబలాలో ఎడమ చేతి దెబ్బ, చరణానికి ముందు గాయకుడు తీసుకునే ఊపిరి ఇన్నేళ్లుగా వింటున్న పాటలో ఉన్నాయని అప్పుడు తెలిసింది.

ఇవి మరవవద్దు

పాత వాల్వు రేడియోలో 200 వోల్టులకు పైబడిన డిసి కరెంటు ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా పెద్ద కండెన్సరులో అది నిలిచి ఉంటుంది. ఈ మాట తెలిసి కూడా ఈ విలేకరి ఒకరోజు తొందరపడి చేయి పెట్టాడు. చేయి గోడకు కొట్టుకుని, మోచేయి రెండు రోజులు నొప్పి పెట్టింది. బతికి బయటపడడం అదృష్టం. తెలిసిన మెకానిక్ లేకుండా వెనుక అట్ట విప్పవద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.

వాల్వు తల మీద లేదా పక్కన వెండిరంగు మచ్చ ఉంటుంది. అది తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్టు, ఇక ఆ వాల్వు పనికిరాదు. బేస్‌లో కూర్చుంటుంది కదా అని ఏది పడితే అది పెట్టరాదు. ఇసిసి 82, ఇసిసి 83 కాళ్ల అమరిక ఒక్కటే. కానీ మొదటిది సంకేతాన్ని పెంచే గుణకం 20 లోపు, రెండవదానిది 100. ఇసిసి 88కి కూడా 9 కాళ్లే ఉన్నా, లోపలి తీగల అమరిక వేరు. కాగితం మీద సరిచూసుకోకుండా పెడితే వాల్వుకో, యాంప్లిఫయరుకో చేటు.

చెవుల సంగతి కూడా చూసుకోవాలి. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గడువు వేగంగా తగ్గిపోతుంది. యంత్రం మంచిదైనంత మాత్రాన చెవికి మినహాయింపు లేదు.

పెట్టెతో పాటు విద్య కూడా

వాల్వు రేడియో 40, 50 వాట్ల కరెంటు తింటుంది. బరువు, వేడి, ఖర్చు. సెల్‌ఫోను ఉన్న ఇంట్లో ఇది అవసరమని ఎవరూ చెప్పలేరు. కానీ తూకానికి వేస్తే వచ్చేది ఒక పూట కూరగాయల ఖర్చు. పోయేది మళ్లీ రాదు. పెట్టె ఒక్కటే కాదు, దాన్ని విప్పి చూపి "ఇది ఇందుకు" అని చెప్పగల పెద్దలు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. చేవెళ్ల మెకానిక్ చేతికింద నేర్చుకునే కుర్రవాడు ఒక్కడూ లేడు. ఐటిఐ చదివే పిల్లలు సెలవు రోజుల్లో ఇటువంటివారి దగ్గర కూర్చుంటే పుస్తకంలో లేని పాఠాలు దొరుకుతాయి. అటక మీద పెట్టె ఉన్నవారు బండి పిలుపు వినగానే దించకుండా, ముందు ఒక మెకానిక్‌కు చూపడం మంచిది.

నాయనమ్మకు మూడు వాల్వుల తేడాలేవీ అక్కరలేదు. రాత్రి అన్నం తిన్నాక హెడ్‌ఫోను పెట్టుకుని గోడకు చేరగిలబడుతుంది. స్విచ్ వేశాక వాల్వు ఎర్రబడేదాకా ఆ చిన్న వెలుగునే చూస్తూ ఉంటుంది. మొదటి రోజు పాట మొదలుకాగానే హెడ్‌ఫోను తీసి ఒకటే అడిగింది: "ఇంత మెల్లగ ఎందుకు పలుకుతుందని మీ తాతను రోజూ అడిగేదాన్ని. నీకన్న తెలిసిందా బిడ్డా?"

తెలిసిందని చెబితే, ఆమె తిరిగి హెడ్‌ఫోను పెట్టుకుంది.