పాట మానిన కీచురాయి

చీకటి పడిన తరువాత పొలం గట్టున, పెరటి మూలన, గోడల సందులలో కీచురాయి అరుపు వినిపించని పల్లె అరుదు. వినేవారికి అది రొద. ఆ జీవికి మాత్రం అది పిలుపు. అరిచేది మగ కీచురాయి ఒక్కటే. అదైనా నోటితో కాదు. దాని ఒక రెక్క అడుగున ఆకురాయివంటి గరుకు గీతల వరుస ఉంటుంది. రెండవ రెక్క అంచుతో దానిని గీసినపుడు ధ్వని పుడుతుంది. ముంగాళ్లమీద ఉన్న చెవులతో ఆడ కీచురాయి ఆ ధ్వనిని విని, కావ్యాలలోని అభిసారికవలె చీకటిలో సంకేతస్థలాన్ని వెతుక్కొంటూ వస్తుంది. పాటయే వాటి కలయికకు దారి; ఆ కలయికయే వంశానికి ఆధారం.

అటువంటి పాటను ఒక ద్వీపంలోని కీచురాళ్లు దాదాపుగా మానివేసినవి. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో ఒకటియైన కవాయి ఆ ద్వీపం. అందుకు కారణం ఒక చిన్న ఈగ.

ఆ కీచురాళ్లు ఆస్ట్రేలియాలోను, పసిఫిక్ దీవులలోను ఉండే జాతివి. ఈగ ఉత్తర అమెరికాది. శాస్త్రజ్ఞులు దానిని ఓర్మియా ఓక్రేషియా అంటారు. ఎక్కడెక్కడివో అయిన ఈ రెండు జాతులు హవాయిలో తారసపడినవి. ఈ ఈగ చెవులు రెండింటి మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అయినను పాట ఏ దిక్కునుండి వస్తున్నదో అది ఆశ్చర్యకరమైన కచ్చితత్వంతో గుర్తించగలదు. ఆడ ఈగ పాడుతున్న కీచురాయిని చేరి, దానిమీదను, దాని చుట్టును ప్రాణమున్న పురుగు పిల్లలను విడుస్తుంది. అవి కీచురాయి దేహంలోనికి దొలుచుకొనిపోయి, సుమారు వారం దినాలు లోపలనే తిని పెరిగి, వెలుపలికి వస్తవి. కీచురాయి మరణిస్తుంది. పరుల అన్నంపై బ్రతికేది పరాన్నజీవి. ఇక్కడ పరుల దేహమే అన్నమైనది.

పాడితే ప్రియురాలితోపాటు మృత్యువు కూడ రావచ్చును. పాడకున్న ప్రాణం దక్కును గాని వంశం నిలువదు. కవాయి కీచురాయికి ఏర్పడిన ధర్మసంకటం ఇది.

మార్లీన్ జుక్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 1990 దశకంనుండి ఈ కీచురాళ్లను పరిశీలిస్తూ వచ్చారు. ఏటేటా పాటలు తగ్గినవి. 2001లో పాడే కీచురాయి ఒక్కటి మాత్రమే వినిపించినది. జాతి నశించినదనే అనిపించినది. కాని 2003లో ఆ పచ్చికలో దీపాలతో వెతికినపుడు కీచురాళ్లు విరివిగా కనిపించినవి; శబ్దమే లేదు. మగవాటిలో నూటికి తొంబదికి పైగా రెక్కలు చదునైపోయి, ఆకురాయి గీతలు లేకుండా ఉన్నవి. ఈ మార్పు ఇరువది తరాలలోపుననే జరిగినదని 2006లో ప్రకటించారు.

ఈగకు భయపడి కీచురాయి మౌనవ్రతం పట్టినదని అనుకొనరాదు. ఏ కీచురాయీ అట్లు సంకల్పించలేదు. రెక్కల తీరును మార్చే జన్యుభేదం యాదృచ్ఛికంగా పుట్టినది. ఈగ లేని కాలంలోనైతే ఆ మూగ జీవికి జత దొరకడమే కష్టం. ఈగ ఉన్నచోట పాడేవి చచ్చినవి, మూగవి మిగిలినవి, మిగిలినవే తల్లిదండ్రులైనవి. ప్రకృతివరణమంటే ఇదే.

మరి పాట లేనిదే వాటికి జత ఎట్లు కుదిరినది? మిగిలిన కొద్దిపాటి గాయకుల చెంత మూగ కీచురాళ్లు పొంచి ఉండి, పాట విని వచ్చే ఆడవాటిని దారిలో కలుసుకొంటవి. శాస్త్రజ్ఞులు ధ్వనివర్ధకంనుండి పాట వినిపించగా మూగవి దాని దరికి చేరినవి. ఆడవాటిలోను కొన్ని, దగ్గరగా వినిపించే ప్రణయగీతం లేకున్నను జతకు అంగీకరించినవి. పరాన్నజీవి మార్చినది రెక్కలను మాత్రమే కాదు. ప్రణయ మర్యాదలను కూడ.

పరాన్నజీవుల ప్రభావం సౌందర్యంమీద మరొక విధంగా పనిచేయవచ్చును. విలియం హామిల్టన్‌తో కలిసి జుక్ 1982లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. పక్షి రంగుల తళుకు, దాని దేహం రోగాలను తట్టుకొన్నదనడానికి సాక్ష్యం కావచ్చుననీ, అందుకే ఆడపక్షి ఆ తళుకును కోరవచ్చుననీ దాని సారాంశం. అడవికోళ్లపై చేసిన పరీక్షలలో నులిపురుగులు సోకిన పుంజుల తలమీది జుట్టు వెలవెలబోయినది. పెట్టలు ఆరోగ్యం గల పుంజులనే ఎక్కువగా వరించినవి. ఈ సిద్ధాంతం అన్ని జాతులకు ఒకే తీరున అన్వయించకపోయినను, ఒక సంగతి ఆలోచింపదగినది. ఒకచోట శృంగారానికి మెరుగు పెట్టగల శక్తియే మరొకచోట దాని గొంతు నొక్కినది.

అయితే కథ మౌనంతోనే ముగియలేదు. హవాయి దీవులలోనే మరొకటియైన మొలోకాయిలో పిల్లి గురకవంటి మెత్తని ధ్వని చేసే కీచురాళ్లు కనిపించినట్లు 2018లో ప్రకటించారు. ఆ ధ్వనిని ఆడవి దగ్గరనుండి వినగలవు. పాత పాటను మృత్యువు లాగివేసిన తావున క్రొత్త పాట ఒకటి, మెల్లగా, మొదలైనది.