ఉచిత ఆన్‌లైన్ కోర్సులు: లక్షల్లో నమోదు, వేలల్లో ఉత్తీర్ణత

ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయాల పాఠాలను ప్రపంచంలో ఎక్కడున్నవారైనా రుసుము లేకుండా అభ్యసించే అవకాశం ఈ శతాబ్ది ఆరంభంలో ఏర్పడింది. అమెరికాలోని ఎం.ఐ.టి. తన బోధనా సామగ్రిని అందరికీ ఉచితంగా అందించనున్నట్లు 2001లో ప్రకటించింది. మన దేశంలో ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. కార్యక్రమాన్ని చేపట్టాయి. కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదిక 2017 జూలై 9న ప్రారంభమైన విషయం విదితమే.

ఈ విధానంలోని బలాబలాలు రెండూ 2012లో ఎం.ఐ.టి. ఆన్‌లైన్‌లో నిర్వహించిన సర్క్యూట్స్, ఎలక్ట్రానిక్స్ కోర్సులోనే వెల్లడయ్యాయి. సుమారు 1,55,000 మంది పేర్లు నమోదు చేసుకోగా, ఉత్తీర్ణులైనవారు 7,200 లోపే. పూర్తి మార్కులు సాధించిన 340 మందిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు చెందిన 15 ఏళ్ల బత్తుషిగ్ ఒకరు. అనంతరం ఆ బాలునికి ఎం.ఐ.టి.లోనే ప్రవేశం లభించింది. ఉచిత విద్య మహిమకు నిదర్శనంగా ఈ ఉదంతాన్ని పేర్కొనడం పరిపాటి. అయితే ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు స్వయంగా ఎం.ఐ.టి. పట్టభద్రుడు. ప్రయోగాలు చేయించేందుకు స్టాన్‌ఫర్డ్ నుంచి ఒక పరిశోధక విద్యార్థి పరికరాలతో సహా అక్కడికి తరలివెళ్ళారు. తెరపై పాఠానికి తోడు పక్కన మార్గదర్శకులు ఉన్నారన్నది గమనార్హం.

హార్వర్డ్, ఎం.ఐ.టి.ల ఉచిత కోర్సులపై 2019లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం 2017-18లో వాటిని పూర్తి చేసినవారు 3.13 శాతం మాత్రమే. పేరు నమోదు చేసుకొని ఒక్క పాఠమైనా తెరవనివారు సగానికి పైగా ఉన్నారు. అభ్యాసకుల్లో అత్యధికులు సంపన్న దేశాలవారే. అయితే 3.13 శాతాన్ని మాత్రమే చూసి ఈ కోర్సులు విఫలమయ్యాయనడం కూడా సరికాదు. కుతూహలం కొద్దీ పేరిచ్చినవారు అందులో అనేకులు. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోరినవారిలో దాదాపు సగం మంది కోర్సు పూర్తి చేశారని అదే అధ్యయనం తెలిపింది. కనుక జిల్లాల నుంచి నివేదికలు పంపే అధికారులు, వాటి ఆధారంగా వార్తలు రాసే పాత్రికేయులు నమోదు, పరీక్షకు హాజరు, ఉత్తీర్ణత సంఖ్యలను విడివిడిగా పేర్కొనడం సముచితం.

మన విద్యార్థులకు ఇందులో అసలు అవరోధం భాష. అనేక పాఠాలు ఆంగ్లంలోనే ఉన్నాయి. ఎన్.పి.టి.ఇ.ఎల్. కొన్ని కోర్సుల పాఠ్యాన్ని తెలుగులోకి అనువదించింది. అయినా తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో చేరిన విద్యార్థికి వేగంగా సాగే ఆంగ్ల ప్రసంగాన్ని అందుకోవడం కష్టమే. ఇంటిల్లిపాదికీ ఒకే సెల్‌ఫోన్ ఉన్నచోట సమయం దొరకడం మరో సమస్య. అధ్యాపకులను మార్గదర్శకులుగా నియమించి, కంప్యూటర్ ల్యాబ్‌లను సాయంత్రం వేళ తెరిచి ఉంచే కళాశాలలు ఈ రెండు ఇబ్బందులను కొంతమేర తగ్గించగలవు.

'స్వయం'లో పాఠాలు ఉచితమే అయినప్పటికీ, ధ్రువపత్రం కోసం నిర్ణీత కేంద్రంలో రుసుము చెల్లించి పరీక్ష రాయవలసి ఉంటుంది. డిగ్రీ క్రెడిట్లలో 20 శాతం వరకు ఈ కోర్సుల ద్వారా పొందేందుకు యు.జి.సి. 2016లో అనుమతించి, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. విద్యార్థి ఈ సౌలభ్యాన్ని వినియోగించుకోవాలంటే, ఆ సెమిస్టరులో ఏయే కోర్సులకు క్రెడిట్లు బదిలీ అవుతాయో విశ్వవిద్యాలయం నమోదు గడువుకు ముందే తెలియజేయవలసి ఉంటుంది.