అక్కయ్య తోటకు వ్యానులో

మా యింటావిడకు మోకాళ్ళ నొప్పి, బస్సులెక్కలేదు. అందుచేత మొన్న డోలపున్నమి సెలవులకు చిన్న వ్యాను అద్దెకు తీసుకొని, పరుపు, స్టవ్వు, బియ్యం అందులోనే సర్దుకొని, దంపతులము పాత్రపూర్ నుంచి బయలుదేరాము. బాహుదా ఒడ్డున ఇచ్ఛాపురం వచ్చినది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురం ఇటు, ఇచ్ఛాపురం అటు అయినవి. మన పెండ్లి సంబంధాలకు మాత్రం ఎల్ల పడలేదు. మా అక్కయ్యను అటు కవిటికే ఇచ్చారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చినది. అక్కయ్య తోటలో నాలుగే చెట్లు మిగిలినవి. తరువాత నాటిన మొక్కలకు ఇప్పుడిప్పుడే గెలలు దిగుతున్నవి. తొలి బొండాలు మాకే కొట్టించి యిచ్చినది.

"నేనిక పాత్రపూర్ రాలేనురా తమ్ముడూ. మీరే రావాలి. పిల్లల్నీ తీసుకురా" అన్నది.

ఆ రాత్రి, మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువలో వ్యాను నిలిపి అన్నం వండుకొన్నాము. గాలి హాయిగానే వున్నది గాని నిద్ర పట్టలేదు. మా పిల్లలకు మేనత్త పేరు తెలుసును. ఆమె వ్రాసే తెలుగు ఉత్తరం చదువలేరు. ఈ తప్పు మాదే.

వేసవి సెలవులకు పిల్లలతో కలిసి వెళ్ళదలచాము. ఈలోగా రోజుకొక పేజీ తెలుగు చదివిస్తున్నాము. ఇటువంటి అక్కయ్యలున్న చదువరులు ఆలస్యం చేయవద్దని మా మనవి.